మాండవ్యుని ప్రశ్న

నేరము చేసినాడని నిర్ణయింపబడుటకు పూర్వమే యొక మనుష్యుని ఏండ్ల తరబడి చెరలో నుంచి, అతని యౌవనమును, జీవనోపాధిని, కుటుంబమును క్షీణింపనిచ్చుట ధర్మమగునా యను ప్రశ్నను న్యాయవాదులకును న్యాయాధిపతులకును విడిచిపెట్టి మనము నిశ్చింతగా నుండుట కవకాశము లేదు. చెరసాలకు తాళము వేయునది ప్రభుత్వమే యైనను, ఆ పని ప్రజల పేరుననే జరుగుచున్నది. దానివలన కలుగు పుణ్యమునందును పాపమునందును మనకు భాగము కలదు. అందుచేత దీనిని చట్టమునకు సంబంధించిన సందేహముగా మాత్రమే గాక, ధర్మజిజ్ఞాసగా విచారింపబూనితిని. మాదకద్రవ్యముల కేసులలో ఈ ప్రశ్న మిక్కిలి తీక్ష్ణరూపమును దాల్చుచున్నది గనుక ఆ కేసులనే, షాద్‌నగర్ ప్రాంతమును ముందుంచుకొని, ఇచట ఉదాహరణముగా గైకొనుచున్నాను.

హైదరాబాదు విడిచి బెంగుళూరు రహదారిపై దక్షిణముగా సాగువారికి పాలమూరు మెట్టసీమలో మొదట నెదురగు పెద్ద ఊరు షాద్‌నగర్. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి పిదప రంగారెడ్డి జిల్లాలో చేరిన యీ ఊరికి రహదారియు రైలుమార్గమును రెండును కలవు. చుట్టుపట్ల ఫ్యాక్టరీలు వెలసినవి. ఇతర రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చిన కూలీలు అనేకులు కలరు. విశాఖ మన్యపు కొండలలోను ఒడిశా సరిహద్దు అడవులలోను పండిన గంజాయి హైదరాబాదు మీదుగా దక్షిణమునకును పడమటికిని తరలిపోవు త్రోవలలో నీ రహదారియు నొకటి. అంతకన్న పాతదియు, ఈ సీమవారి బ్రదుకులలో నింకను లోతుగా దిగినదియు కల్తీకల్లు. ఈతచెట్లును తాటిచెట్లును ఇచ్చు కల్లు గిరాకికి చాలని చోట్ల, నీటిలో క్లోరల్ హైడ్రేటును, డైజోఫామును, ఆల్ప్రాజోలమును కలిపి కల్లని యమ్ముట తెలంగాణ జిల్లాలలో బహుకాలముగా సాగుచున్న యకృత్యము. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీని గట్టిగా నరికట్టగా, ఆ మత్తునకు అలవాటుపడిన బీదలు వణకుచు, మతి తప్పి మాటలాడుచు, మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులను, హైదరాబాదునందలి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమును నింపివేసిరి. కొందరు ప్రాణములనే కోల్పోయిరి. మత్తు అనునది ఈ ప్రాంతమువారికి దూరపు వార్త గాదు. కొడుకును గంజాయికి, భర్తను కల్తీకల్లునకు పోగొట్టుకొనిన స్త్రీకి ఆ సరకు నమ్మినవానిపై కలుగు క్రోధము న్యాయమైనది. దానిని తక్కువచేసి చూపుట నా యుద్దేశము గాదు.

ఆ క్రోధమే శాసనరూపమును పొందినప్పుడు ఎట్లుండునో చూతము. జనులు ఎన్.డి.పి.ఎస్. చట్టమని పిలుచు మాదకద్రవ్యముల చట్టము 1985 నవంబరు 14న అమలులోనికి వచ్చినది. బెయిలు విషయమున నది మొదట నింత కఠినముగా లేదు. 1989లో జరిగిన సవరణ దాని 37వ సెక్షనునకు క్రొత్తరూపము నిచ్చినది. 2001 నాటి సవరణ నేరములను సరకు తూకమునుబట్టి మూడు తరగతులుగా విభజించినది. గంజాయి యైనచో కిలోకు లోబడినది స్వల్పపరిమాణము, 20 కిలోలకు మించినది వాణిజ్యపరిమాణము. ఆల్ప్రాజోలమునకు ఆ మేరలు 5 గ్రాములును 100 గ్రాములును. వాణిజ్యపరిమాణమునకు శిక్ష 10 ఏండ్లకు తగ్గని, 20 ఏండ్లవరకు పోగల కఠినకారాగారవాసమును, లక్ష రూపాయలకు తగ్గని జరిమానాయును. ఇట్టి కేసులో ఆ 37వ సెక్షను ప్రకారము ముద్దాయికి బెయిలు దొరకవలెనన్న, పబ్లిక్ ప్రాసిక్యూటరునకు దాని నెదిరించు నవకాశ మీయవలెను. ఆయన యెదిరించినచో, ముద్దాయి నేరస్థుడు కాడని నమ్ముటకు తగిన హేతువులు కలవనియు, బెయిలుపై నున్న కాలమున నతడు ఏ నేరమును చేయబోడనియు న్యాయాధిపతికి తృప్తి కలుగవలెను. ఇతర నేరములలో 60 దినములలోనో 90 దినములలోనో ఛార్జిషీటు దాఖలు కానిచో ముద్దాయికి బెయిలు హక్కుగా సంక్రమించును. ఇచట ఆ గడువు 180 దినములు, ప్రాసిక్యూటరు నివేదికపై కోర్టు దానిని ఏడాదివరకును పొడిగింపవచ్చును. ఇవిగాక, సరకు ఒకని స్వాధీనమున దొరకినచో నేరమును అతడే చేసెనని 54వ సెక్షనును, అది తెలిసియే చేసెనని 35వ సెక్షనును ముందుగనే భావించి, కాదని నిరూపించు భారమును ముద్దాయిపై నుంచుచున్నవి.

ఈ నిబంధనములను చదువునప్పుడెల్ల నాకు మహాభారతమున ఆదిపర్వమునందలి మాండవ్యమహర్షి వృత్తాంతము స్ఫురించుచుండును. నన్నయభట్టారకుడు దానిని తెనిగించి యుండుటచే మనవారి కది సుపరిచితమే. మౌనవ్రతమున నున్న ఆ మహర్షి యాశ్రమమునకు, రాజభటులు తరుముచుండగా దొంగలు పరుగెత్తివచ్చి, దోచిన సొమ్ముతో నచటనే దాగిరి. భటులు వచ్చి మునిని ప్రశ్నించిరి. వ్రతబద్ధుడగుటచే నతడు పలుకలేదు. వెదకగా సొమ్మును దొంగలును ఆశ్రమముననే దొరకిరి. సొమ్ము దొరకిన చోటు మునిది. అడిగిన ప్రశ్నకు ముని ప్రత్యుత్తర మీయలేదు. ఇంకేమి కావలెనని భావించి, రాజు దొంగలతోపాటు మునినికూడ కొఱత వేయించెను. తపోబలముచే ప్రాణములు నిలుపుకొనిన యతని మహిమ యెరిగి రాజు పిదప కాళ్లపై బడి క్షమింప వేడుకొనెను. దేహమునుండి తీయరాని కొఱతమొనను అట్లే ధరించి ఆ ముని తిరుగుటచే నాతనికి ఆణిమాండవ్యుడను పేరు గలిగినది.

కథ యింతటితో ముగిసినచో అది రాజులకు చెప్పిన నీతిగా మాత్రమే యుండెడిది. కాని మాండవ్యుడు రాజును క్షమించి, అంతకు మీదివాని కడకు, సాక్షాత్తు యమధర్మరాజు కడకే పోయెను. ఏ పాపమునకు నాకీ శిక్ష యని నిలదీసెను. బాల్యమున తూనీగలను పుల్లలకు గ్రుచ్చి బాధించితివి గనుక యని ధర్మరాజు బదులు చెప్పెను. ఎరుకలేని పసితనమున జరిగిన స్వల్పదోషమునకు ఇంతటి ఘోరదండనమా యని మహర్షి కోపించి, పదునాలుగేండ్లు నిండనివారి చేతలకు పాపము లేదని మర్యాద నేర్పరచి, ధర్మదేవతనే మానవుడవై పుట్టుమని శపించెను. విదురుని జన్మమునకు కారణ మిదియే. శిక్షించు నధికారము గలవాడు దేవుడే యైనను, మితిమీరి శిక్షించినచో తానును దోషియే యగునని చెప్పిన యీ కథను మన పూర్వులు ఇతిహాసమధ్యమున ప్రతిష్ఠించిరి. ధర్మమునకును జవాబుదారి కలదని చెప్పుటకన్న ధర్మమును గౌరవించు మార్గము వేరొకటి నాకు తోపదు.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు ఇదే మహర్షిని మరియొక విధముగా స్మరించెను. అచట మాండవ్యుడు మౌని గాడు. చిత్రహింసకు భయపడి, దొంగ కాకయే నేను దొంగననని యొప్పుకొనినవాడు. కావున ఒప్పుకోలును నమ్మి శిక్షింపరాదనియు, సాక్ష్యము సంపూర్ణముగా సమకూరిన పిమ్మటనే దండింపవలెననియు కౌటిల్యుని శాసనము. దయాదాక్షిణ్యములకు పేరుపడినవాడు గాడు కౌటిల్యుడు. రాజ్యరక్షణమునకై గూఢచారులను, కపటోపాయములను సమ్మతించినవాడు. అట్టివాడే యీ యొక్క చోట ఆగి, ఆణిమాండవ్యుని పేరు చెప్పి హెచ్చరించెనన్న, ఆ హెచ్చరిక కరుణవలన గాక రాజ్యానుభవమువలన పుట్టినదని గ్రహింపవలెను. ఆతని కాలమునకును మనకును రెండువేల యేండ్ల దూరము కలదు. ఐనను మాదకద్రవ్యముల చట్టపు 67వ సెక్షను క్రింద అధికారులు వ్రాయించుకొను వాఙ్మూలమును నేరాంగీకారముగా గైకొని శిక్షింపరాదని మన సుప్రీంకోర్టు తీర్మానించుటకు 2020 అక్టోబరు 29 వరకు కాలము పట్టినది. తూఫాన్ సింగ్ కేసున వెలువడిన ఆ తీర్పును ఇద్దరు న్యాయమూర్తులు సమర్థింప, ఒకరు విభేదించిరి.

మాండవ్యుని స్థానమున నిప్పుడు ఒక లారీడ్రైవరును, ఒక ఆటో నడుపువానిని, కూలికి సంచి మోసిన గిరిజనయువకుని నిలిపి చూడుడు. వారందరు నిరపరాధులని నేను చెప్పుట లేదు. తెలిసియే మోసినవారు కలరు, తెలియక మోసినవారు కలరు, తెలిసియు గతిలేక మోసినవారు కలరు. ఈ మూడు తెగలను వేరుచేయుటకే విచారణ యను ప్రక్రియ యేర్పడినది. ఆ విచారణ జరుగకముందే మూడు తెగలను ఒకే గదిలో మూడేండ్లో అయిదేండ్లో యుంచినచో, తరువాత వేరుచేసి లాభమేమి? సరకు పెట్టుబడిదారు ఎన్నడును లారీ యెక్కడు. పంచనామాలో నతని సంతకము గాని, ములాఖత్ గదిలో నతని భార్య కన్నీరు గాని కనబడవు. తూకపు నియమమును చూడుడు. శుద్ధద్రవ్యమెంత యని గాక, కలిసిన మిశ్రమమంతటి తూకమునే లెక్కింపవలెనని 2020లో హీరాసింగ్ కేసున సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆ లెక్క కల్లుకుండకు అన్వయించినచో, చిటికెడు ఆల్ప్రాజోలము కలిసిన కుండ యావత్తును ఆల్ప్రాజోలమే యగును; కుండలో మందు కలిపించిన వ్యాపారియు, కూలికి కుండ మోసినవాడును ఒకే పరిమాణమునకు బాధ్యులగుదురు. దోషమునకు తగినంతయే దండనమని మాండవ్యుడు ధర్మరాజునకు నేర్పిన పాఠ మిట్టి చోటులనే స్మరింపదగినది.

ఇంక 37వ సెక్షనునందలి తర్కమును విచారింతము. గౌతముడు న్యాయసూత్రములలో పదునారు పదార్థములను చెప్పుచు, సంశయమును మూడవదిగను, నిర్ణయమును తొమ్మిదవదిగను నిలిపెను. ఆ రెంటి నడుమ ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము అను నైదు మెట్లు కలవు. సంశయమునుండి నిర్ణయమునకు ఒక్క గంతున దూకరాదనుటయే ఆ క్రమములోని యాంతర్యము. సాక్షులు పలుకక, క్రాస్ పరీక్ష జరుగక, ల్యాబు నివేదిక కొన్ని కేసులలో రానే రాక యున్న దశలో, ఈ మనుష్యుడు నేరస్థుడు కాడని నమ్ముమని న్యాయాధిపతి నడుగుట సంశయస్థానమున నిలిచినవానిని నిర్ణయము చెప్పుమని నిర్బంధించుటయే. అట్లు నిర్బంధింపబడిన న్యాయాధిపతి సంశయమును సంశయముగా నుంచలేక, దానిని ముద్దాయికి ప్రతికూలముగా వాడుట సహజము. రెండవ నియమము మరింత దుర్ఘటమైనది. విడుదలైనచో నేరము చేయబోడని నమ్మవలెనట! ప్రత్యక్షమునకు అందని భవిష్యత్తును అనుమానప్రమాణముతో సాధింపవలెనన్న వ్యాప్తి కావలెను. పొగకు నిప్పుతో నున్నట్టి నియతసంబంధము, ఒక్కసారి పట్టుబడిన మనుష్యునకు రేపటి నేరముతో నున్నదని యే శాస్త్రము చెప్పినది? మానవునియందు మారగల శక్తి కలదని యొప్పుకొనని మతమును నేనెరుగను.

ఇది యొక్క హిందూధర్మమునకు మాత్రమే చెందిన విచారము గాదు. షాద్‌నగరునకు సమీపమున, కొత్తూరు కడ ఇన్ముల్‌నర్వలో వెలసిన జహంగీర్ పీర్ దర్గాకు హిందువులును ముసల్మానులును కలిసియే మ్రొక్కులు చెల్లింతురు. ఆ దర్గాకు మూలమైన మతమునందలి ధర్మశాస్త్రజ్ఞులు, నిశ్చయముగా తెలిసినది సంశయముచే తొలగదనియు, ప్రతి మనుష్యుడును ఋణదోషములు లేనివాడుగనే మొదట గణింపబడవలెననియు, సంశయము గలచోట మహాదండనములను నివారింపవలెననియు సూత్రీకరించిరి. మన న్యాయస్థానములు నిర్దోషిత్వభావన యని చెప్పునది పాశ్చాత్యులు మనకిచ్చిన దానమని తలచువారు ఈ రెండు సంప్రదాయములను ఒక్కమారు తిరిగి చదువుదురు గాక.

విచారణకు ముందటి నిర్బంధమును మన ధర్మశాస్త్రములు ఎరుగనివి గావు. నారదస్మృతి దానిని ఆసేధమని పేర్కొని, స్థలమునుబట్టి, కాలమునుబట్టి, ప్రయాణమునుబట్టి, కార్యమునుబట్టి నాలుగు విధములుగా విభజించినది. ప్రతివాది పారిపోకుండ నిలుపుటయే దాని ప్రయోజనము, దండించుట గాదు. అంతకన్న మనోహరమైనది ఆ స్మృతియే ఆసేధింపదగనివారిని గూర్చి చెప్పిన జాబితా. పెండ్లికి సిద్ధమైనవాడు, రోగపీడితుడు, యజ్ఞమునకు పూనుకొనినవాడు, ఆపదలో నున్నవాడు, పశువులను మేపుచున్న గొల్ల, సేద్యమున నున్న కర్షకుడు, చేతిపనిలో నున్న శిల్పి, యుద్ధమున నున్న సైనికుడు అను వీరిని ఆ సమయమున నిర్బంధింపరాదట. విత్తు పడవలసిన అదనున రైతును నిలిపినచో ఆ నష్టము తీర్పువలన తీరునది గాదని ఆ స్మృతికర్త యెరుగును. వానపై నాధారపడిన మెట్టపంటలతో బ్రదుకు పాలమూరు సీమవారికి ఆ మాటయందలి సత్యమును వివరింపనక్కరలేదు. ఒక్క వానకాలము తప్పినచో అప్పు, రెండు తప్పినచో వలస.

బెయిలునకు ప్రాణమైన పూచీయును పూర్వులు ఎరిగినదే. వాద్యప్రతివాదు లిరువురి కడను సమర్థుడైన ప్రతిభువును, అనగా పూచీదారుని, గైకొనవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. హాజరు పరచుటకు, నమ్మకము కలిగించుటకు, చెల్లించుటకు అని ప్రతిభువులను మూడు తెగలుగ జేసెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర పద్యములలో తెనిగించుటచే ఈ న్యాయము తెలుగువారి నోళ్లకును అందినది. నేటి మన కోర్టులలో ఆ జమానతు బీదవానికి గోడయై నిలుచుచున్నది. బెయిలు మంజూరైనను, ఆస్తి గల యిద్దరు షూరిటీలను తేలేక జైలులోనే మిగిలిపోవువారు కలరు. షాద్‌నగర్ చుట్టుపట్ల ఫ్యాక్టరీలలో పనిచేయు పరరాష్ట్రపు కూలీ పట్టుబడినచో, పట్టా పాసుపుస్తకముతో వచ్చి అతనికై నిలుచునదెవరు? 1978లో మోతీరామ్ కేసున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ ప్రశ్ననే వేసిరి. ఒక తాపీమేస్త్రీకి పదివేల రూపాయల పూచీ విధించి, పూచీకి వచ్చిన సోదరుని యాస్తి వేరొక జిల్లాలో నున్నదని త్రోసివేసిన మేజిస్ట్రేటును తప్పుపట్టుచు, దేశపు మరియొక మూలన పట్టుబడిన తెలుగువానికో తమిళునికో స్థానికుడైన షూరిటీ యెచ్చటనుండి వచ్చునని ఆయన యడిగిరి. బస్తరులో పట్టుబడు తెలుగువానికై ఆయన వేసిన ప్రశ్న, నేడు షాద్‌నగరులో పట్టుబడు బస్తరువానికై మనలను మనము వేసికొనవలసియున్నది.

ఇంతవరకు చదివిన పాఠకుడు, మత్తువ్యాపారులను విడిచిపెట్టుమందురా, వారు సాక్షులను బెదిరించి, పరారై, మరల నదే వ్యాపారమునకు దిగినచో బాధ్యులెవ్వరని యడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. దండము లేనిచోట పెద్దచేప చిన్నచేపను మ్రింగునని శాంతిపర్వము చెప్పినది నిజము. రాజధర్మములలో ప్రజారక్షణమే ప్రథమము. పారిపోవుననుటకు గట్టి యాధారమున్నవానిని, సాక్షులను బెదిరించినవానిని, ముఠా నడపువానిని నిలిపియుంచుట ఆసేధమే, అది ధర్మ్యమే. కాని ఆ నిర్బంధమునకు హద్దు నిర్ణయించునది విచారణవేగము. ప్రభుత్వము ఒకనిని బంధించుచు, ఇతనిని శీఘ్రముగా విచారింతునని మాట యిచ్చుచున్నది. ఆ మాట నిలుపుకొనలేని ప్రభుత్వమునకు బంధించి యుంచు హక్కు దినదినమును క్షీణించుచుండును. సాక్షియైన అధికారి బదిలీపై వెళ్లినాడని వాయిదా, ల్యాబు నివేదిక రాలేదని వాయిదా, ఎస్కార్టు లేనందున ముద్దాయిని పేషీకి తేలేదని వాయిదా; ఇందులో ముద్దాయి దోషమెంత? బెయిలును గట్టిగా నిరాకరించుటవలన మత్తు తగ్గుననుకొనుటయు భ్రమయే. 2015 నాటి కల్తీకల్లు ఉదంతము మనకు నేర్పిన దేమన, బానిసయైన దేహమునకు చికిత్స, జీవనమునకు మరియొక యాధారము చూపక సరకు మాత్రమే యాపినచో బాధ బీదవాని పాలబడుననియే.

విచారణయందు ఓర్పు నశించిన సమాజమెంతవరకు పోగలదో షాద్‌నగరువారు కండ్లార చూచిరి. 2019 నవంబరులో ఒక యువతిపై జరిగిన ఘోరకృత్యమునకు దేశమంతయు తల్లడిల్లినది. నిందితులు నలుగురు షాద్‌నగర్ పోలీసు స్టేషనులో నుండగా వేలజనము గుమిగూడి వారిని తమకప్పగింపుమని కేకలు వేసిరి. డిసెంబరు 6న తెల్లవారుజామున ఈ ఊరికి సమీపమున చటాన్‌పల్లి కడ వారు పోలీసుల కాల్పులలో మరణించిరి. ప్రజలు పూలు చల్లిరి. తరువాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషను, వారిని చంపవలెనను నుద్దేశముతోనే కాల్చిరనియు, మృతులలో ముగ్గురు మైనర్లనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకు విచారింపవలెననియు 2022లో వెల్లడియైన నివేదికలో నిర్ణయించినది. ఆ యువతికి జరిగిన యన్యాయము ఆ కాల్పులవలన ఇసుమంతయు తగ్గలేదు; పదునాలుగేండ్లు నిండని బాలునికి పాపము లేదని మాండవ్యుడు ధర్మదేవతకే నేర్పిన దేశమున, ముద్దాయిల వయస్సెంతయో తేల్చుటకును వ్యవధి లేకపోయినది. మాదకద్రవ్యముల కేసున అయిదేండ్ల రిమాండును చటాన్‌పల్లి కాల్పులను నేను సమానముగా జూచుట లేదు. రెంటికిని మూలమొక్కటియే యని మాత్రము చెప్పుచున్నాను: నిర్ణయమునకు ముందే దండనము.

మన న్యాయస్థానములు ఈ దోషమును గుర్తింపకపోలేదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై అప్పీలుగా వచ్చిన గుడికంటి నరసింహులు కేసున 1977 డిసెంబరులో కృష్ణయ్యరు గారే, క్రింది కోర్టు విడిచిపెట్టి హైకోర్టు శిక్షించిన ఖైదీలకు బెయిలిచ్చుచు, బెయిలు ప్రశ్నలో స్వేచ్ఛ, న్యాయము, ప్రజల భద్రత, ప్రభుత్వ ధనముపై భారము అన్నియు నిమిడియున్నవని నిరూపించిరి. మన తెలుగుగడ్డ కేసులోనుండియే బెయిలు ధర్మశాస్త్రమునకు దేశవ్యాప్తమైన ప్రమాణము పుట్టినది. 1994లో సుప్రీంకోర్టు ఎన్.డి.పి.ఎస్. ఖైదీల దురవస్థను చూచి, పదేండ్ల కనీసశిక్ష గల కేసులలో అయిదేండ్లు విచారణఖైదీగ గడపినవారిని బెయిలుపై విడువుమని యాదేశించినది. 2023 మార్చి 28న, ఏడేండ్లకు మించి విచారణ ముగియక యున్న యొక ఢిల్లీ ముద్దాయికి బెయిలిచ్చుచు, విచారణయం దకారణవిలంబము జరిగినచోట 37వ సెక్షను బెయిలున కడ్డము రాదనియు, ఆ సెక్షనులోని నియమములను పైపై పరిశీలనతోనే యన్వయింపవలెననియు నిర్ణయించినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను, గరిష్ఠశిక్షలో సగము కాలమును, తొలినేరస్థుడైనచో మూడవవంతు కాలమును గడపినవానిని విడువుమన్నది. లెక్క వేసి చూడుడు: 20 ఏండ్లలో మూడవవంతు ఆరేండ్ల ఎనిమిది నెలలు, సగము పదేండ్లు. పదేండ్లనగా దోషియని తీర్పు చెప్పబడినవానికి చట్టము విధించు కనీసశిక్షయే. విచారణయే లేక ఆ శిక్షను పూర్తిచేసినవానిని విడిచిపెట్టుటను అనుగ్రహమని యెట్లు పిలువగలము?

మరి ఇంతకాలము గడచి, ముద్దాయి నిర్దోషియని తేలినచో ఆ పాపమెవరిది? దండింపదగనివానిని దండించు రాజు అపకీర్తిని, నరకమును పొందునని మనువు చెప్పెను. ధర్మాసనమున జరుగు నధర్మమును ఆతడే నాలుగు పాళ్లుగ జేసి, ఒక పాలు చేసినవానికిని, ఒక పాలు సాక్షికిని, ఒక పాలు సభాసదులకును, ఒక పాలు రాజునకును పంచెను. మన మాదకద్రవ్యముల చట్టమునను 58వ సెక్షను, వేధింపుగను అనవసరముగను ఒకనిని బంధించిన యధికారికి శిక్ష నేర్పరచినది. అది ఆరు నెలలకు మించని ఖైదు, లేక వేయి రూపాయలకు మించని జరిమానా, లేక రెండును. బంధింపబడినవానికి పోయిన యేండ్ల నొకవైపునను, బంధించినవాని యారు నెలల నొకవైపునను నిలిపి, ఈ తూకము సరియైనదియా యని పాఠకుడే నిర్ణయించుకొనును గాక. ప్రజాస్వామ్యమున రాజు స్థానమున నున్నవారము మనమే గనుక, మనువు చెప్పిన నాలుగవ పాలు మనయందరి మీదికిని వచ్చి పడుచున్నది.

కావున నా నిశ్చయ మిది. మాదకద్రవ్యముల నమ్మువాడు దోషియని రుజువైనచో చట్టము చెప్పిన శిక్ష నంతయు ననుభవించును గాక. రుజువగుటకు ముందు అతడు మన న్యాయస్థానములకు ఋణస్థుడు గాడు, శీఘ్రవిచారణను బాకీపడిన ఋణస్థులము మనమే. ఆ బాకీ తీర్పలేనంతకాలము బెయిలు దయాభిక్ష గాక హక్కు కావలెను. ప్రాసిక్యూటర్లు ప్రతి బెయిలు దరఖాస్తును అలవాటుగా నెదిరించుట మాని, ఎదుటనున్నవాడు ముఠానాయకుడో కూలివాడో విచారించి మాటలాడవలెను. పోలీసులును ఎక్సైజువారును ల్యాబు నివేదికను, ఛార్జిషీటును గడువు చివరిదినమువరకు నిలుపక దాఖలు చేయవలెను. న్యాయాధిపతులు షూరిటీని ముద్దాయి యోపికనుబట్టి నిర్ణయింపవలెను. బూర్గుల గ్రామనామమునే ఇంటిపేరుగ ధరించిన రామకృష్ణారావుగారి వంటి న్యాయవాదిని, బహుభాషాపండితుని, హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిని ఈ నేలయే కన్నది. ఆ గ్రామపు ప్రక్కన నల్లకోటు ధరించి వకాల్తా పుచ్చుకొను షాద్‌నగర్ న్యాయవాదులు, ఫీజు ఇయ్యలేని విచారణఖైదీ కేసును తలకొక్కటి యైనను చేపట్టవలెనని వారిని వేడుకొనుచున్నాను. పాఠకులారా, మీ వీధిలో నొకడు గంజాయికేసున పట్టుబడినాడని వినిననాడు, అతడు దొంగయని పలుకుటకు ముందు, తీర్పు వచ్చినదా యని యడుగుడు.